తెల్లరంగు కింది స్వాగతం

టర్పెంటైన్ డబ్బా మూత తీశాను. మా లాండ్రీ వెనక గదిలో ఇస్త్రీ ఆవిరి, గంజి, అరబ్బుల బట్టలకు అంటుకుని వచ్చే అత్తరు ఎప్పుడూ కలిసి ఒకే వాసనగా ఉంటాయి. దాన్ని పక్కకు తోసేసి ఆ ఘాటు ముక్కుకెక్కింది. దానితోపాటు పోశెట్టన్న కూడా వచ్చి నా ఎదుట కూర్చున్నట్టయింది. గోళ్ల సందుల్లో పచ్చరంగు, చెవి మీద సన్న బ్రష్షు, ఎండకు సగం మూసుకున్న కళ్లు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి నేను ఈ డబ్బా తెరవాల్సి వస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయనెవరో చెప్పాలి.

ఇప్పుడు గల్ఫ్‌లోని ఈ ఇబ్రి బజారులో తిరిగేవాళ్లకు పోశెట్టన్న తెలియడు. తెలిసే దారి కూడా లేదు. మంగలి షాపు మీద, పళ్ల డాక్టరు మీద, ఫోన్ల దుకాణం మీద ఒకే మనిషి ఫొటో నవ్వుతూ ఉంటుంది. వాడు ఇబ్రికి ఎన్నడూ వచ్చి ఉండడు. ఎవడయ్యా వీడని అడిగితే కంప్యూటరులో దొరికాడంటారు. దొరికినవాణ్ని దొరికినట్టు అంటించుకుంటే అది బోర్డు అవుతుందా? బోర్డంటే కొట్టువాడు ఊరికి ఇచ్చే మాట. నాలుగో తరగతితో బడి మానేసిన నాకు ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, జగిత్యాల దగ్గరి నుంచి వచ్చిన ఒక పేంటరు చెప్పాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ కొట్టుకు బోర్డు రాయాలన్నా ముందు ఆ కొట్టులో పని చేయించుకునేవాడు. దర్జీ దగ్గర అంగీ కుట్టించుకుని తొడుక్కున్నాకే కత్తెర బొమ్మ వేసేవాడు. మంగలి దగ్గర గడ్డం గీయించుకుని, మంట పుట్టలేదని తేల్చుకున్నాకే కుంచె ముంచేవాడు. ఒకసారి ఒక హోటల్ యజమాని, హైదరాబాదు మనిషి, 'ఇబ్రిలో బెస్ట్ బిర్యానీ' అని రాయమన్నాడు. పోశెట్టన్న ప్లేటు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"బిర్యానీ అని రాస్త సేటూ."

"ఔర్ బెస్ట్?"

"అది నేను తినలే. బెస్ట్ దొరికిననాడు పిలువు, అచ్చి రాస్త."

"అరే, తూ పేంటర్ హై యా మేరీ సాస్ హై?"

"అత్తనైతే ఇంకో ప్లేటు అడిగెటోన్ని."

ఆ సేటు నవ్వలేక నవ్వి, ఉత్త బిర్యానీ అనే రాయించుకున్నాడు. అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ, మలయాళం, ఏ లిపి అడిగితే ఆ లిపి పోశెట్టన్న చేతిలో తిరిగేది. తెలుగు మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఊళ్లో తెలుగు చదివేవాళ్లంటే సైట్ల మీద ఇటుకలు మోసే మాబోటి వాళ్లమే. మాకోసం బోర్డు పెట్టించే గొప్పవాడెవడు?

ఒకడు వచ్చాడు. వాడి పేరు నా నోటితో చెప్పను. మన దిక్కు మనిషే, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. మూతపడ్డ కంపెనీల పనివాళ్లకు కొత్త కంపెనీ వీసా మార్పిస్తానని బజారు వెనక సందులో ఒక గది తీసుకున్నాడు. గోడ మీద తెలుగులో 'ఇచ్చట వీసాలు మార్చబడును' అని రాయమని పోశెట్టన్నను అడిగాడు. తెలుగులో అన్న ఆ ఒక్క మాటకు ఆయన తన పద్ధతి మరిచిపోయాడు. ఆ మనిషి చేతిమీదుగా వీసా మారినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడగలేదు. అంతటితో ఆగినా బాగుండేది. అడగని వరుస ఒకటి సొంతంగా పైన చేర్చాడు: 'మన తెలుగు వారికి స్వాగతం'. దానికి తన దగ్గరున్న మంచి నీలం ఎనామిల్ తీసి రెండు పూతలు పూశాడు.

సరిగ్గా అప్పుడే మా కంపెనీ మూతపడి, పాస్‌పోర్టులు మా చేతుల్లో పెట్టి పొమ్మంది. గంగారాం, నేను పని వెతుక్కుంటూ ఆ సందులోకి వచ్చాం. గంగారాంది మా పక్క ఊరే, ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. అన్ని నెలలుగా ఏ బోర్డు చూసినా గుడ్డివాళ్లలా నడిచినవాళ్లం, ఆ గోడ ముందు ఆగిపోయాం. గంగారాం వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. 'స్వాగతం' దగ్గర వేలు ఆపి నావైపు తిరిగాడు.

"మనల్నే రమ్మంటున్నరు రా."

లోపలికి పోయి పాస్‌పోర్టులు ఇచ్చేశాం. మాతోపాటు ఇంకొందరు ఇచ్చారు. ఒక పొద్దున వెళ్లేసరికి గదికి తాళం ఉంది. పెన్నులవాడు దేశం దాటిపోయాడు. మేము ఖల్లివెల్లి అయ్యాం. కాగితం లేకుండా దాక్కుని తిరిగేవాణ్ని గల్ఫ్‌లో ఆ మాటే అంటారు. పోలీసు కనబడితే గోడ చాటుకు పోవాలి, జ్వరమొస్తే ఆసుపత్రికి పోకూడదు, ఇంట్లో ఎవరు పోయినా విమానం ఎక్కలేం.

తాళం ముందు మేము కూలబడి ఉన్నప్పుడు పోశెట్టన్న అటుగా వచ్చాడు. రాసింది తనేనని తనే చెప్పాడు. నేను లేచి ఆయన అంగీ పట్టుకున్నాను.

"నేను వాన్ని నమ్మలేదే. నీ అక్షరాలను నమ్మిన."

ఆయన నా చెయ్యి విడిపించుకోలేదు. "ఔ తమ్మి, నేను గుడ అట్లనే నమ్మిన" అన్నాడు.

సాయంత్రం తెల్లరంగు తెచ్చి గోడంతా కప్పేశాడు. తర్వాత మమ్మల్ని వెంటబెట్టుకుని తను బోర్డులు రాసిన కొట్టు కొట్టుకూ తిరిగాడు. "నీ పని మంచిదని ఊరందరికి రాసి చెప్పిన. ఇప్పుడు వీని పని మంచిదని నేను చెప్తున్న, పెట్టుకో" అని అడిగేవాడు. అలా మలయాళీ హంజా భాయ్ లాండ్రీలో నేను ఇస్త్రీకి చేరాను. బిర్యానీ సేటు ఇద్దర్ని పెట్టుకున్నాడు. గంగారాం ఊరి బయట ఖర్జూరపు తోటకు పోయాడు. వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం కళ్లు తిరుగుతున్నాయన్నాడట. ఆసుపత్రికి పోతే కాగితం అడుగుతారని చెట్టు నీడన పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. రాసినవాడు, తాళం వేసినవాడు, మూసేసిన కంపెనీ, ఇంతమంది ఉండి వాడి చావుకు ఒక్కడూ కారణం కాడట. గుండె ఆగిందని కాగితంలో రాశారు. బతికినన్నాళ్లు లేని కాగితం చచ్చాక వచ్చింది.

శవపెట్టెను మస్కట్ పంపించిన రోజు పోశెట్టన్న బండి వెనక కొంతదూరం నడిచాడు. ఆ తర్వాత ఆయన తెలుగు అక్షరం రాయలేదు. ఇంటికి ఉత్తరం కూడా మానేసి ఫోనులోనే మాట్లాడేవాడు. నాకు అరబ్బీ, ఇంగ్లీషు బోర్డులు చదవడం నేర్పింది ఆ రోజుల్లోనే. "అన్నీ చదువు. చదివినంక లోపటికి పోయి కూసోని చూడు. గప్పుడు నమ్ము" అనేవాడు. పాస్‌పోర్టు లేని మేము ఇల్లు చేరడానికి కావలసిన ఔట్‌పాస్‌ల కోసం ఎంబసీకి ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. చివరికి కాగితం లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోవచ్చని సర్కారు ఆమ్నెస్టీ ప్రకటించింది, మిగిలినవాళ్లమంతా ఇంటికి చేరాం. హంజా భాయ్ వీసా పంపితే నేను మళ్లీ వచ్చాను.

వచ్చేసరికి పోశెట్టన్న ఆ సందులో గోడకు తెల్లరంగు వేస్తూ కనిపించాడు. ఇక్కడి ఎండకు పైపూత పొడిగా రాలిపోతుంది, కింది ఎనామిల్ మాత్రం చావదు. రెండు పూతల వరుస ముందుగా బయటికి వస్తుంది.

"ఇంకెవలు చదువుతరే దీన్ని? ఆ గదిల ఇప్పుడు టైర్లు పెట్టుకున్నరు" అన్నాను.

"గంగారాం గుడ గిట్లనే అచ్చి చదివిండు గద."

కళ్లకు పొర కమ్మి, చెయ్యి వణికి, ఆయన ఇంటికి వెళ్లిపోయేటప్పుడు బ్రష్షులన్నీ పేంటర్లకు పంచిపెట్టాడు. వెడల్పు బ్రష్షు ఒక్కటి నాకిచ్చాడు. "అక్షరాలు మల్ల తేలితే చూస్తవా తమ్మి" అన్నాడు. చూస్తానన్నాను. మరుసటి వేసవిలో ఆయన కొడుకు ఫోను చేసి నాయన పోయిండని చెప్పాడు.

ఇప్పుడు వీసా మార్పిస్తామనే ప్రకటనలు ఫోన్లలో తెలుగులోనే వస్తున్నాయి, కింద నమస్కారం పెట్టే చేతుల బొమ్మతో సహా. రూమ్‌లో ఎవరైనా చూపిస్తే నేను అడ్రసు అడుగుతాను. ఉంటే పోయి ఆ ఆఫీసులో కూర్చుంటాను. నీ దగ్గర వీసా మారినవాణ్ని ఒక్కణ్ని నా ముందుకు పిలువు అంటాను. ముసలోడికి పని లేదని తిడతారు. తిట్టనీ.

ఇవాళ టర్పెంటైన్ కలిపిన తెల్లరంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని సందులోకి వచ్చాను. 'మన తెలుగు వారికి స్వాగతం' మొత్తం తేలింది. 'మ'కు ఆయన ఇచ్చిన వంపు, 'స్వా' కింద వత్తు తిప్పిన తీరు. బజారులో ఆయన రాసిన బోర్డులన్నీ పీకి పారేశారు. ఊరంతా వెతికినా ఆయన చెయ్యి ఇక ఈ ఒక్క గోడ మీదే ఉంది. దీన్నే కప్పమని నాకు చెప్పి పోయాడు.

గంగారాం చదివినట్టే వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివాను. తర్వాత బ్రష్షు ముంచాను.