అరిచినవాళ్ళ లిఫ్టు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా ఆ పని ఎప్పుడు చేస్తాడన్న దగ్గరే. ఫోనులో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ దగ్గరికి పరిగెత్తేవాడు. అక్కడ తలుపు విప్పుతుండగా ఇంకొకరు అరిచేవారు. విప్పింది విప్పినట్టే వదిలేసి అటు పోయేవాడు. టెస్టరు ఒక భవనంలో, టిఫిన్ డబ్బా మరో భవనంలో, మనిషి ఇంకెక్కడో. తన పాప పుట్టినరోజుకి కూడా అది నిద్రపోయాకే వచ్చాడు, మోచేతుల దాకా గ్రీజుతో.

అక్కావాళ్ళింట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటున్న మరదల్ని కదా, ఊరుకోలేను. "కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరుగుతావు బావా, అవి ఇంటివైపు మాత్రం తిరగవేం?" అంటే నవ్వేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. మా అక్క మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు.

అక్క ఎమర్జెన్సీ వార్డులో నర్సు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చేయాలన్నారు. ఎంతోమందికి ధైర్యం చెప్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి మత్తుమందంటే వణికిపోయింది. "లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మీరు పక్కనుంటే చాలు," అంది బావతో. వస్తానన్నాడు. ఆ మాట మీద నాకు ఇసుమంతైనా నమ్మకం లేదు.

ఆ వారమే భోజనం దగ్గర బావ తల పట్టుకున్నాడు. "ఇన్ని ఫోన్లొస్తే ఎవరి దగ్గరికని వెళ్ళను? మీ వార్డులో ఎలా నెట్టుకొస్తారు?"

"అరిచేవాళ్ళని కాసేపు అరవనిస్తాం," అంది అక్క. "అరుస్తున్నారంటే ఊపిరాడుతున్నట్టేగా. ఏ మూలో నోరు మెదపకుండా పడుంటారే, ముందు వాళ్ళ దగ్గరికి పోతాం."

బావ మర్నాటి నుంచి ఫోను ఎత్తగానే, "లోపలెవరైనా ఇరుక్కున్నారా? మెట్లు దిగలేనివాళ్ళున్నారా?" అని అడగసాగాడు. లేరంటే ఏ పూట వస్తాడో చెప్పేవాడు, ఆ పూటకే వెళ్ళేవాడు. చేతిలో పని ముగిశాకే కదిలేవాడు. ఇదెన్నాళ్ళ ముచ్చటో చూద్దాంలే అనుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. ఎవరో ఆఫీసు మేనేజరట, ఆయన అరుపులు పక్కగదిలోకి వినిపించాయి. బావ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అంతే సంగతులు అనుకుని అక్కని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

గౌను తొడిగి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. అక్క గుమ్మం వైపు చూస్తూ, చూడనట్టు నటిస్తోంది. బావని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వరండాలోకి వెళ్ళాను. ఎదురుగా వస్తున్నాడు. గోళ్ళ సందుల్లో కూడా గ్రీజు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క అతని చేతులు చూసి, "ఫోన్లు రాలేదా?" అంది.

"వచ్చాయి. ఒక పెద్దాయన డయాలసిస్‌కి వెళ్ళాలంటే ఆ లిఫ్టొక్కటీ చేసి, చేతులు కడుక్కొచ్చా. మిగతావాళ్ళకి సాయంత్రం వస్తానని చెప్పా."

"మేనేజరు అరవలేదూ?"

"అరిచాడు." బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళూ అరవంది నువ్వొక్కదానివే."

అక్క కళ్ళు తుడుచుకోవడానికైనా ఆ చెయ్యి వదల్లేదు.

సాయంత్రానికి రాళ్ళ పీడ విరగడై, దిండుకి ఆనుకుని కూర్చుంది. కుర్చీలోంచి లేవని బావతో తనే అంది, "ఇక మేనేజరు దగ్గరికి వెళ్ళండి. పాపం, గొంతు పోయుంటుంది."