మా అత్త చేతికి పండిన గోరింటాకు

మా చిన్నప్పుడు... ఆషాఢం వచ్చిందంటే చాలు, మధ్యాహ్నం భోజనాలవగానే మా మామ్మ పెరట్లో నూతి గట్టు పక్కన పీట వేసుకుని కూచునేది. "రండే... మీ కాళ్ళూ సేతులూ ఓసారి సూడనీండి" అని కేకేసేది. ఆడపిల్లలం నలుగురం, ఏదో నేరం చేసినవాళ్ళలా వరసగా వెళ్ళి నిలబడేవాళ్ళం.

ముందు కాళ్ళు. ఇటుక ముక్కతో మడమలు తోమి, నువ్వులనూనెలో కరిగించిన మైనం గోరువెచ్చగా పగుళ్ళలో పూసేది. చుర్రుమనేది... అరిస్తే ఇంకాస్త పూసేది!

తర్వాత గోళ్ళు. శుక్రవారం తియ్యకూడదు, మంగళవారం తియ్యకూడదు, దీపాలు పెట్టాక అసలే కూడదు, తీసిన ముక్క ఇంట్లో పడకూడదు... ఇన్ని కూడదుల మధ్య మా గోళ్ళు ఎప్పుడు తీసేవారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

గోళ్ళు తీసే పని మా అత్తది. నాన్నగారి చెల్లెలు. పన్నెండో ఏట పెళ్ళయింది. కాపరానికి వెళ్ళకుండానే భర్త పోయాడు. మా విజయనగరం ఇంట్లోనే ఉండిపోయింది. నాకు ఏడేళ్ళప్పుడు ఆవిడకి ఇరవై రెండో, ఇరవై మూడో. తెల్లచీర, బోసి చేతులు, బొట్టు లేని మొహం.

తాతగారు ఆవిడకి వీణ నేర్పారు. అందుకని కుడిచేతి రెండు వేళ్ళకి మాత్రం గోళ్ళు పెంచుకునేది. రాయి మీద మెల్లగా అరగదీసి, గుండ్రంగా చేసి, కొబ్బరినూనె రాసుకునేది. తన ఒంట్లో ఆవిడ ముచ్చటగా చూసుకున్నది ఆ రెండు గోళ్ళనే.

తొలి ఏకాదశికి గుళ్ళో వీణ వాయించడం మా ఇంటి సేవ. ఆ ఏడు తాతగారి చెయ్యి వణకడం మొదలైంది. అమ్మాయి వాయిస్తుందని ఆయన అడిగితే, గుడి పెద్దలు నెల రోజులు నాన్చి నాన్చి ఆఖరికి "సరే, స్తంభం పక్కన కూచుని వాయించమనండి" అన్నారు. ఇంటి గడప దాటి నలుగురి ముందు వాయించడం అత్తకి అదే మొదలు. ఎవరైనా వేలెత్తి చూపితే అదే ఆఖరు.

సరిగ్గా ముందురోజు... గోరింటాకు. మామ్మ చింతపండూ వక్కా వేసి రుబ్బింది. అత్త మా అందరికీ పెట్టింది... తన వేళ్ళకి తగలకుండా అరిటాకు ముక్క చుట్టుకుని మరీ.

"నువ్వు పెట్టుకోవా అత్తా?" అన్నాను.

"నా సేతికి పండదులే అమ్మా" అని నవ్వింది.

నేను నమ్మేశాను! పండని చెయ్యి కూడా ఉంటుందా... చూడాలనిపించింది. నాకసలే ఓపిక తక్కువ, గంట కాకుండానే నా చేతులు కడిగేసుకున్నాను. అత్త వసారాలో కునుకు తీస్తోంది. ఎడంచెయ్యి తలకింద పెట్టుకుంది, కుడిచెయ్యి చాపి ఉంది. గిన్నెలో మిగిలిన ముద్దంతా ఆ అయిదు వేళ్ళకీ టోపీల్లా పెట్టి, పక్కనే కాపలా కూచున్నాను.

మెలకువ వచ్చి ఒక్క విదిలింపు విదిలించింది. అప్పటికే ఎర్రగా... మా నలుగురి కంటే ఎర్రగా పండింది.

"అత్తా, పండింది! అబద్ధం చెప్పావు!" అని చప్పట్లు కొట్టాను. ఎనభై ఏళ్ళయింది... ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మామ్మ పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో... ఏటే ఇది!" చింతపండు పెట్టి తోమింది, బూడిద పెట్టి తోమింది. చర్మం కందింది గానీ ఎరుపు పోలేదు. ఇంక కత్తెర తెచ్చింది. "ఆ గోళ్ళు తియ్యి ముందు. అవే మెరుస్తన్నాయి."

అత్త గుప్పిట బిగించేసింది. ఆవిడ కాదనడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"గోళ్ళు పోతే రేపు ఏటితో వాయించనమ్మా?"

"ఉంటే నిన్ను వాయించనిస్తారేటి?"

నేను తలుపు చాటున ఏడుస్తున్నాను. మామ్మ ఆ గుప్పిట విప్పి, వేళ్ళకేసి చాలాసేపు చూసింది. తర్వాత కత్తెర తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు గుళ్ళో అత్త చెయ్యి కొంగులో దాచుకునే వచ్చి కూచుంది. కానీ కొంగులోంచి వీణ ఎలా మీటుతుంది? చెయ్యి బయటికొచ్చింది. ఆడవాళ్ళలో గుసగుసలు బయల్దేరాయి. గుడి పెద్దగారి భార్య మామ్మకేసి వంగి, అందరికీ వినపడేలాగే అంది. "ఏటి వదినా ఇది? మీ అమ్మాయి సేతులు సూసేవా?"

వీణ ఆగిపోయింది. ఇప్పుడు మామ్మ నా పేరు చెప్పేస్తుంది అనుకున్నాను.

మామ్మ కదల్లేదు. "సూసేను. నేనే పెట్టేను. నా కూతురి సేతికి నేను గోరింటాకు పెట్టుకున్నాను... ఏటి, కొడతావా? కూకో, పాట విను" అంది. అత్తకేసి తిరిగి, "నువ్వు వాయించమ్మా" అంది.

ఏకాదశి ఉపవాసంలో, దేవుడి ఎదురుగా... చెడ్డ మాట కూడా నోట రానివ్వని మా మామ్మ అబద్ధమాడింది!

అత్త కళ్ళు తుడుచుకుని వాయించింది. ఏ కీర్తనో నాకు తెలీదు. ఎర్రటి వేళ్ళు కదలడమే చూశాను.

ఆ పై ఏడు గుడివాళ్ళు పిలవలేదు. చాలా ఇళ్ళవాళ్ళు మామ్మని పేరంటాలకి పిలవడం కూడా మానేశారు. మామ్మ ఏం చేసిందో తెలుసా... మళ్ళీ ఆషాఢం రాగానే ఆకు రుబ్బి, మొదటి ముద్ద అత్త చేతికే పెట్టింది. గుళ్ళో ఆడిన అబద్ధాన్ని ఇంటికొచ్చి నిజం చేసేసింది.

ఇప్పుడు మా మునిమనవరాలు గోళ్ళకి పూటకో రంగు వేసుకుంటుంది. ఎందుకు వేసుకున్నావని అడిగే దిక్కు లేదు... మంచిదే, అడక్కూడదు కూడా. కానీ కాళ్ళూ చేతులూ చూపించుకోడానికి ఊరవతల షాపుకి వెళ్తుంది, ముక్కూమొహం తెలీనివాళ్ళ ముందు చెయ్యి చాపుతుంది. మన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూచునే మనిషి ఇంట్లో లేకుండా పోయింది.

మీ ఇళ్ళల్లోనూ మా అత్తలాంటివాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళ తరఫున నోరు విప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి. నాకు చూపు ఆనదు, పిల్లల చేత చదివించుకుంటాను.