వంకలో ఆపిన సైకిలు

మా వైపు ఆషాఢం అంటే గాలి. వాన రాదు, గాలి మాత్రం వస్తుంది. పొద్దున పడమటి నుంచి మొదలైతే సాయంత్రం దాకా ఆగదు. ఆ గాలికి ఎదురు సైకిలు తొక్కాలంటే సీటు మీద కూర్చుని లాభం లేదు, లేచి నిలబడి తొక్కాల్సిందే. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి గాలి చెవుల్లో హోరుమంటే నాకు ముందు గొంతు తడారిపోతుంది. ఎందుకో చెబుతాను.

అరవైల మొదట్లో నేను యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో ఒంటరి అయ్యవారిని. బడికి నేనొక్కణ్ణే. మాది మడకశిర వైపు, అక్కడ బంధువులెవరూ లేరు. ఒక రైతు తన ఇంటి బయటి గది నాకు ఇచ్చాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన భార్యను వదినా అనేవాణ్ణి. వాళ్లకు ఒకతే కూతురు, నా బడిలోనే రెండో తరగతి. ఇంట్లో జొన్నరొట్టె కాల్చిన రోజు నాకు రాకుండా ఉండేది కాదు.

ఆయనకు వంక అవతలి ఊరి వాళ్లతో పార్టీ కక్ష ఉంది. పంచాయతీ ఎన్నికల్లో మొదలైందనేవాళ్లు. ఎంత ఉక్కపోసినా ఆయన అరుగు మీద పడుకునేవాడు కాదు. అంతవరకే నాకు తెలుసు. అది నాకు సంబంధం లేని సంగతి అనుకునేవాణ్ణి.

ఒక పొద్దున యాడికిలో అయ్యవార్లకు మీటింగు. నా సైకిలు చైను తెగి మూలపడి ఉంది. ఎట్లా పోవాలా అని నేను నిలబడి ఉంటే అన్న తన పచ్చ సైకిలు బయటికి తోసుకొచ్చాడు.

"దీన్ని తీస్కపో అయివారూ. పాపకు చెవిపోటు, ఆస్పత్రికి పోవాల. మేము బువ్వ తిని బండి కట్టుకోని ఎనకాలే వస్తాం" అన్నాడు.

వదిన ఎండ తగలకుండా తలకు చుట్టుకొమ్మని ఆయన ఎర్రంచు తువ్వాలు ఇచ్చింది. చుట్టుకుని బయలుదేరాను.

ఆ దారిలో ఊరు దాటాక రెండు పక్కలా దున్ని వదిలేసిన చేలు. విత్తనం వేయడానికి పదును లేదు. తర్వాత నాపరాళ్ల గుట్టలు, తంగేడు పొదలు, ఆ తర్వాత వంక. వంకలో నీళ్లుండవు, ఇసుక ఉంటుంది. సైకిలు దిగి తోసుకుపోవాలి. గాలికి తల వంచుకుని ఇసుకలో సగం దాకా తోశాను. తల ఎత్తేసరికి నా ముందు ఒక మనిషి ఉన్నాడు. పక్కన ఒకడు. వెనక్కి చూస్తే ఇద్దరు. పొదల్లోంచి ఎప్పుడు లేచారో గాలి హోరులో వినపడనే లేదు. ఒకడి చేతిలో కొడవలి, గడ్డి కోసేది కాదు.

"యాయ్, వాడు కాదు రా!" అన్నాడు వెనకవాడు.

ముందున్న మనిషి నా మొహంలోకి చూశాడు. నడివయసు, నెరిసిన మీసాలు, గొంతు చాలా నెమ్మది.

"ఎవరప్పా నువ్వు?"

"బడి అయ్యవారిని."

"యాడికి పోతాండావు?"

"యాడికికే" అన్నాను.

కుర్రవాడొకడు కిసుక్కున నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. "ఇది నీది కాదు కదా. ఆయప్ప యాడ?"

అప్పుడు అర్థమైంది. పచ్చ సైకిలు, ఎర్రంచు తువ్వాలు, వంచిన తల. వాళ్లు కాచుకుని ఉన్నది ఆయన కోసం. ఆయన ఇంకాసేపటికి ఇదే ఇసుకలోకి పెండ్లాన్నీ బిడ్డనూ ఎక్కించుకుని బండి తోలుకొస్తాడు.

"జరం. పడుకున్నాడు. ఈ పొద్దు లేచేటట్టు లేడు" అన్నాను. ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతటదే అంది. సైకిలుకు ఆనుకుని నిలబడ్డాను.

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు.

"పో. నీ పాటికి నువ్వు పో. ఎనక్కి తిరిగినావంటే బాగుండదు. నోరు జారినా బాగుండదు. అయివారివి, నీకెందుకు మా గొడవ?"

వంక దాటి మిట్ట ఎక్కేదాకా వాళ్ల చూపు నా వీపు మీద ఉందని తెలుస్తూనే ఉంది. మిట్ట దిగి కనపడకుండా పోయాక సైకిలు ఆపాను.

అక్కడి నుంచి నేరుగా యాడికి పోయి పోలీసులకు చెప్పవచ్చు. చెప్పి, వాళ్లు కదిలి వచ్చేలోపు బండి వంకలోకి దిగుతుంది. వచ్చిన దారిన తిరిగిపోతే వంకలో వీళ్లు. మిగిలింది ఒకటే. ఎడమ పక్క గుట్టల వెంట ఒక బండిబాట ఉంది. రెండూళ్ల మీదుగా చుట్టు తిరిగి మా ఊరికీ వంకకూ మధ్యలో రోడ్డుకు కలుస్తుంది. అటు నేను ఎప్పుడూ పోలేదు. బండి ఎప్పుడు బయలుదేరుతుందో తెలియదు. తువ్వాలు తీసి చొక్కా లోపల దోపుకుని అటు తిప్పాను.

ఇప్పుడు గాలి వెనక నుంచి తోస్తోంది. రాళ్ల మీద సైకిలు ఎగిరెగిరి పడుతోంది. మొదటి ఊరిలోకి వచ్చేసరికి కుక్కలు వెంటపడ్డాయి. కాళ్లు పైకెత్తుకుని వదిలేశాను. రచ్చబండ మీద మనుషులు మాట ఆపి చూశారు. నన్ను కాదు, సైకిలును. ఆ చుట్టుపక్కల పచ్చ సైకిలు అదొక్కటే. అది ఎవరిదో అందరికీ తెలుసునని అప్పుడు తట్టింది. ఎవరిది ఏ పార్టీయో నాకు తెలియదు. తలపాగా ఉన్న ప్రతివాడూ వంకలోంచి వచ్చినవాడిలాగే కనిపించాడు.

రెండో ఊరి బయట బావి దగ్గర ఒకామె నీళ్లు చేదుతోంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఇక తొక్కలేక ఆగాను. దోసిలి పట్టాను. ఆమె నీళ్లు పోస్తూనే సైకిలును చూసింది. పోయడం ఆపింది.

"ఇది నీకు యాడిదప్పా?" అంది నెమ్మదిగా.

నాకు పొలమారింది. ఆమె ఊరివైపు ఒకసారి చూసి, కడవ ఎత్తుకున్నది.

"ఇది వాళ్ల పార్టీ ఊరు. లోపలికి పోవాకు. దొడ్లెనక దావుండాది, బిరిన పో" అని నా వైపు చూడకుండానే నడిచిపోయింది.

దొడ్ల వెనక కంపల మధ్య దారి. అక్కడే ముల్లు దిగింది. వెనక చక్రం బుస్సుమని కూర్చుంది. ఆగలేదు. చక్రం రాళ్లకు తగిలి నడుము అదురుతున్నా అట్లాగే తొక్కాను. ఒక పల్లంలో పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. లేచి మళ్లీ తొక్కాను.

రోడ్డుకు కలిసేసరికి బండి ఆ చోటు దాటేసింది. వంక వైపు పోతోంది. ఎడ్ల మెడ గంటలు వినపడుతున్నాయి. "అన్నా!" అని అరిచాను. ఎదురుగాలి నా కేకను నా వెనక్కే తోసేసింది. మళ్లీ అరిచాను. ఎవరూ తిరగలేదు. గాలికి ఎదురు, గాలి లేని చక్రం మీద, నిలబడి తొక్కుతూ ఏడ్చాను. అది నాకు బాగా గుర్తుంది. దూరంగా తంగేడు పొదలు కనిపిస్తున్నాయి, బండి వాటి వైపే పోతోంది.

నన్ను ముందు చూసింది పాప. చెవికి గుడ్డ కట్టుకుని బండి వెనక కూర్చుని ఉంది. "నాయనా, అయివారు!" అంది. అన్న పగ్గాలు బిగబట్టాడు.

"ఏమాయ అయివారూ? ఆ నెత్తురేంది?"

"బండి తిప్పన్నా. వంకలో ఉన్నారు. నలుగురు."

ఆయన మొహం బూడిద రంగుకు తిరిగింది. వదిన పాపను లాక్కుని ఒడిలో వంగి కప్పేసింది.

ఆ రోడ్డు ఇరుకు. రెండు వైపులా కంప. బండి తిప్పడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కుడి ఎద్దు మొరాయించింది. అన్న దిగి కాడి పట్టుకుని నెట్టాడు, నేను చక్రం ఆకులు పట్టుకుని తోశాను. చక్రం కంపలో ఇరుక్కుంది. "ఆ దేవునికి దండం పెడతా, తిరుగురా, తిరుగురా" అని వదిన ఎద్దును బతిమాలుతోంది. అప్పుడే పొదల పక్క దిబ్బ మీద ఒక మనిషి లేచి నిలబడ్డాడు. కదలలేదు. మమ్మల్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇంకొకడు లేచాడు.

బండి తిరిగింది. అన్న ఎడ్లను ఉరికించాడు. నేను పక్కనే తొక్కుతూ వచ్చాను. ముందుకు పోయే బలం లేదు, వెనక ఉండే ధైర్యం లేదు. పాప తల్లి చెయ్యి కింద నుంచి తల బయటపెట్టి, "మీటింగు అప్పుడే అయిపోయినాదా అయివారూ?" అని అడిగింది. "అయిపోయింది" అన్నాను. ఊళ్లో మొదటి ఇల్లు వచ్చేదాకా వెనక్కి చూడలేదు.

వాళ్లు వెంట రాలేదు. దారిలో మా ఊరి వాళ్లు చేలల్లో కంప కొడుతున్నారు, అందుకేనేమో. ఆ వారంలోనే అన్న భార్యాబిడ్డలను బళ్లారి దగ్గర బావమరిది ఊరికి చేర్చి, తనూ అక్కడే కౌలుకు భూమి చూసుకున్నాడు. పోయేముందు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వదిన, "నువ్వు కూడా ఈడ ఉండొద్దు నాయనా" అంది. బదిలీకి అర్జీ పెట్టాను, రాలేదు. ఆ ఖాళీ ఇంటి బయటి గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. గడియ వేశానో లేదో లేచి లేచి చూసుకునేవాణ్ణి. నెలకోసారి యాడికి పోవాలి. అదే దారి, అదే వంక. ఇసుకలో దిగిన ప్రతిసారీ ఇంకో జత కాళ్ల చప్పుడు వినిపించేది.

చలికాలంలో ఒకరోజు యాడికి బస్టాండు హోటల్లో టీ తాగుతున్నాను. ఎదురు బల్ల మీద ఎవరో కూర్చున్నారు. నెరిసిన మీసాలు. గ్లాసు బల్ల మీద పెట్టబోతే టీ ఒలికింది. ఆయన అది చూశాడు.

"జరమన్నావు" అన్నాడు.

చుట్టూ మనుషులున్నారు, అయినా నాకు ఎవరూ కనిపించలేదు.

"బండ్లో ఆయమ్మా బిడ్డా ఉంటారని మాకు తెల్దు అయివారూ. ఆ పొద్దు దిబ్బ మీద నిలబడి చూసినా. నా కొడుకులు దూకుదామన్నారు, నేను పట్టుకున్నా. బండి వంకలోకి దిగుంటే ఏమయ్యేదో నాకు తెల్దు. ఆ మాటకు నాకు నిద్ర రాదు."

తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. పోతూ పోతూ ఆగి, "నువ్వు బయపడినావు, అయినా పోయినావు" అన్నాడు. అది మెచ్చుకోలో బెదిరింపో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆయన బయటికి పోయాక చాలాసేపటి వరకు నేను లేవలేకపోయాను. హోటలాయన వచ్చి బల్ల తుడుస్తూ, "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు.