మూత లేని క్యాను

పాలవ్యాను వదినకి ముక్కుమీద కోపం. దాచుకోవడం బొత్తిగా చేతకాదు. ఆ వ్యాను నడిపే భర్త తుంటి విరిగి మంచాన పడ్డ ఏడాది, "ఏడూళ్లు నువ్వేం తిరుగుతావు వదినా?" అన్న మరిది చేతిలోంచి తాళాలు లాక్కుని స్టీరింగు ముందు కూర్చుంది. పద్నాలుగేళ్లయింది, ఇంకా దిగలేదు.

ఆ ఏడూళ్లకీ కలిపి ప్రణాళిక వేయడానికి పట్నం నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. రోడ్లు, నీళ్లు, బడి, అన్నిటికంటే ముందు కాన్పు గదులున్న ఆసుపత్రి. ఏదో ఒక ఖాళీ బిల్డింగు బాగుచేసి రెండు నెలల్లో తెరుస్తారట. పంచాయతీ ఆఫీసు గోడకి మ్యాపు తగిలించి, ఏడూళ్లకీ నట్టనడుమ ఎర్ర పిన్ను గుచ్చింది. అది సరిగ్గా వదినా వాళ్ల ఊరు!

ఊరంతా ఈలలు. ఆరో నెల కడుపుతో ఉన్న కూతురైతే, "అమ్మా, నొప్పులొస్తే నడుచుకుంటూ వెళ్లిపోతా!" అని ఎగిరినంత పని చేసింది. వదినకీ కాళ్లు నేల మీద నిలవలేదు. మెట్లు దిగుతుంటే మాత్రం ఊరి రోడ్డు గుర్తొచ్చింది.

మిగతా ఆరూళ్ల రోడ్లూ డెయిరీ దగ్గర కూడలిలో కలుస్తాయి. అక్కడి నుంచి వాళ్ల ఊరికి ఆరు కిలోమీటర్లు. దాన్ని రోడ్డని పిలవడం మర్యాద కొద్దీ. పోయినేడు క్వారీ ఊరి అమ్మాయిని నొప్పులతో, తమ ఊరి మంత్రసాని దగ్గరికని తన వ్యానులోనే ఎక్కించుకుంది. ఆ ఆరు కిలోమీటర్లు దాటకముందే క్యాన్ల మధ్య బిడ్డ పుట్టేశాడు. వాడినిప్పటికీ అందరూ "క్యాను" అనే పిలుస్తారు. అందరూ నవ్వుతారు గానీ, వదిన మాత్రం ఆ రోజు తల్చుకుని ఒక్కసారీ నవ్వలేదు.

గిరుక్కున వెనక్కి తిరిగింది. "మేడమ్, మ్యాపు మీద గుంతలు కనిపించవు. రేపు నా వ్యానెక్కండి."

ఇంట్లో భర్త చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. "సరే, చూపించు. కానీ మనూరి రోడ్డు మీద కాస్త మెల్లగా పోనీ. నీ కూతురి కాన్పే! ఆ మాత్రం తెలియదూ?"

వదిన లేచి పెరట్లోకి వెళ్లి పెద్ద పాలక్యాను తోమడం మొదలుపెట్టింది.

పొద్దున్నే కూడలిలో క్యాను అంచుదాకా నీళ్లు నింపి, మూత తీసేసి, ప్రతిసారీ మళ్లీ నింపుతూ ఆఫీసరమ్మని ఒక్కో రోడ్డూ తిప్పింది. ఊరు చేరగానే ఆఫీసరమ్మ క్యానులో స్కేలు ముంచి కొలిచేది. ఒక ఊరికి నాలుగు అంగుళాలు తగ్గింది, ఇంకో ఊరికి మూడు. ఆమె చీరంతా తడిసిపోయినా, "ఇంకోటి, ఇంకోటి!" అని ఒకటే సంబరం. చివరికి సొంతూరి రోడ్డు వచ్చింది. వదిన కాలు బ్రేకు మీదికి వెళ్లింది. ఒక్క క్షణమే. తీసేసింది. అన్ని రోడ్ల మీద నడిపినట్టే నడిపింది. ముప్పై నిమిషాలు పట్టింది. క్యానులో సగం నీళ్లు లేవు.

పిన్ను కూడలికి మారింది. ఊళ్లో సగంమంది మాట్లాడటం మానేశారు. కూతురు మొహం చూడాలంటే వదినకి ధైర్యం చాల్లేదు.

వారం తిరక్కుండానే రోడ్డు రోలరు దిగింది, వాళ్ల ఊళ్లోనే! ఏ ఊరి నుంచైనా పావుగంటలో ఆసుపత్రికి చేరాలన్నది ఆ ప్రణాళికలో మొదటి షరతట. అందుకే నీళ్లు ఎక్కువ ఒలికిన రోడ్డు ముందు వేస్తున్నారు. వదిన రోలరు వెనకాలే చిన్నపిల్లలా నడిచింది.

"నేను చెప్పినట్టు మెల్లగా నడిపుంటే ఏమయ్యేది?" భర్త నసిగాడు.

"రోడ్డు కూడా మెల్లగానే వచ్చేది," అంది వదిన.

నెలలు నిండిన కూతుర్ని కొత్త ఆసుపత్రిలో చూపించడానికి తీసుకెళ్లిన రోజు, కూతురే పట్టుబట్టి కాళ్ల దగ్గర మూత లేని క్యాను పెట్టించుకుంది, అంచుదాకా నీళ్లతో. కూడలిలో వ్యాను ఆగింది. పదకొండు నిమిషాలు. కూతురు చీర కుచ్చిళ్లు తడిమి చూసుకుని, "అమ్మా, పొడిగా ఉన్నాయే!" అంది.