ఫ్యూజు చోట బల్బు

ఫ్యూజు కాలిపోతే కొత్తది పెట్టేసి చేతులు దులుపుకునే మెకానిక్కులంటే నాకు ఒళ్లు మంట. ఫ్యూజు ఊరికే కాలదు. ఎక్కడో కరెంటు దారి తప్పితేనే కాలుతుంది. ఆ చోటేదో వెతక్కుండా ఎన్ని మార్చినా దండగే. స్టీలు ప్లాంటులో క్రేన్ల కరెంటు పని చేసి రిటైరైనదాన్ని, ఇది నాకు ఒకరు చెప్పాలా?

పోయిన ఏడు, పనిముట్లకీ బళ్లకీ దండలేసి మొక్కే విశ్వకర్మ పూజ మర్నాడు పొద్దున్నే మా కింది వాటా అమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"అక్కా, బండి సచ్చిపోయింది. ఏటి సెయ్యాలో తెలీట్లేదు," అని ఒకటే ఏడుపు.

ఆ పిల్ల గాభరాకి కారణముంది. కాంట్రాక్టు పనిలో మొగుడు కాలు విరిగి మంచమెక్కాడు. ఇల్లు గడవాలని ఆమె వంట చేసి స్కూటరు మీద క్యారేజీలు అందించడం మొదలుపెట్టింది. మా ఊరి పక్క జాముల్‌లో ఒక కాంట్రాక్టరు తన పనివాళ్లకి మధ్యాహ్నం భోజనం తెమ్మన్నాడు. వారం చూస్తానని, ఒక్క పూట ఆలస్యమైనా ఇంకొకరికి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు. ఆ వారానికి అదే ఆఖరి రోజు. భోజనం గంట కొట్టేలోపు క్యారేజీలు అక్కడుండాలి.

కిందికి దిగాను. వీధి చివరి మెకానిక్ అప్పటికే వచ్చి, తన దగ్గరున్న ఫ్యూజులన్నీ తగలేసి కూర్చున్నాడు. "పూరా వైరింగ్ బదల్నా పడేగా దీదీ, దో దిన్ లగేంగే," అన్నాడు. వైరింగంతా మార్చాలట, రెండు రోజులట! అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఫ్యూజు చోట రాగి తీగ ముక్క దోపేస్తే ఇవాళ్టికి నడిచిపోతుందని ఆ పిల్లకి ఆశ కూడా పెట్టాడు.

"పెట్టెయ్యమను అక్కా! ఈ ఒక్క పూటకేగా!" అంటూ నా చేతులు పట్టుకుంది.

"మతి గానీ పోయిందా నీకు? సీటు కింద పెట్రోలు పెట్టుకుని ఆ పని చేస్తావా? వైర్లు అంటుకుంటే భోజనం మాట దేవుడెరుగు, నువ్వు ఇంటికి రావు," అని కసిరాను. మెకానిక్‌ని నాలుగు దులిపి పంపేశాను. "నేనున్నానుగా. వెళ్లి అన్నం వార్చుకో."

ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదది. పాత బ్రేకు లైటు బల్బొకటి రెండు వైర్లు అతికించి నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఫ్యూజు చోట దాన్ని తగిలించాను. బండిలో అంతా సవ్యంగా ఉంటే బల్బు మిణుకుమంటుంది. ఎక్కడైనా వైరు ఇనుముకి తగిలితే భగ్గుమంటుంది. తాళం తిప్పాను, మిణుకుమంది. హ్యాండిలు కుడికి తిప్పాను, అలాగే ఉంది. ఎడమకి తిప్పగానే భగ్గుమంది.

"దొరికావురా దొంగా!" అన్నాను గట్టిగానే.

జబ్బు హ్యాండిలు మెడ దగ్గర. బ్యాటరీ వైరు విప్పి, ముందు డొప్ప స్క్రూలు తీశాను. లోపల చూద్దును కదా, పైన వేలాడే పూజ దండ తాలూకు తీగ! బంతిపూలని దారంతో కాక, ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరుతో కట్టారు. దాని కొస సందులోంచి లోపలికి దోపి, మెడ చుట్టూ తిప్పి, ప్లయరుతో మెలేసి మరీ బిగించారు. హ్యాండిలు తిరిగినప్పుడల్లా అది హారను వైరు తొడుగుని కోసుకుంటూ పోయింది.

మా ఊరంతా ఇంతే. ప్రతి ఇంటి తలుపు వెనకా బైండింగ్ వైరు చుట్ట ఒకటి వేలాడుతుంది. గేటు గొళ్లెం ఊడినా అదే, చీపురు విడిపోయినా అదే, ఆఖరికి దేవుడి పటానికీ అదే.

"ఏ మహానుభావుడు కట్టాడే ఈ దండ?" అని అరిచాను.

ఆ పిల్ల గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. తీగ చూసింది, విషయం అర్థమైంది.

"మెల్లగా అక్కా, ఆయన ఇంటాడు! కాలు ఇరిగాక మొదటిసారి మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చి కట్టాడు. నా బండికి తనే పూజ సెయ్యాలని."

తీగని ముక్కలుగా కత్తిరించి కొంగున మూటగట్టాను. కోసుకుపోయిన చోట టేపు చుట్టి, వైర్ల కట్టకి కాస్త వదులిచ్చాను. మళ్లీ బల్బు పెట్టి హ్యాండిలు ఎటు తిప్పినా మిణుకే తప్ప మంట లేదు. కొత్త ఫ్యూజు వేశాను. సెల్ఫ్ నొక్కగానే బండి అందుకుంది. దండని దారంతో తిరిగి కట్టాను.

క్యారేజీలు పట్టుకుని వెనక సీటు మీద నేనూ వెళ్లాను. మేం చేరేసరికి ఇంకా గంట కొట్టలేదు. కాంట్రాక్టరు మూత తీసి పప్పుచారు వాసన చూసి, "కల్ భీ ఇసీ టైమ్ పే లానా, దీదీ," అన్నాడు. రేపూ తెమ్మన్నాడంటే పని నిలిచినట్టే. ఆ పిల్ల అక్కడే హ్యాండిలు మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. నా కళ్లూ తడిశాయి, దాచుకోవడమెందుకు.

ఇంటి ముందు బండి ఆగగానే కిటికీలోంచి మొగుడి గొంతు వినబడింది.

"ఏటయ్యిందే బండికి?"

"ఏటీ లేదు. ఫ్యూజు పోతే అక్క ఏసింది."

"మరి దండో?"

"ఉంది. నువ్వు కట్టిన ముడి ఊడుతుందేటి?"

లోపల ఆయన నవ్వాడు. బైండింగ్ వైరు మీద దారి పొడుగునా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం నా గొంతులోనే ఉండిపోయింది. కొంగులో తీగ ముక్కలు గుచ్చుకుంటుంటే చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కాను.