ఉప్పు అందని కోళ్లు

బోగోలు దగ్గర మా అక్క గుడ్ల కోళ్ల షెడ్డు నడిపేది. బావ పోయాక ఒక్కతే అన్నీ చూసుకుంటోందని ఆ ఎండాకాలం నేను సాయానికి వెళ్లాను. పేరుకే సముద్రం దగ్గర. పొద్దెక్కితే ఆకు కదలదు. కోళ్లు నోళ్లు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పేవి. మేత సగం అలాగే మిగిలిపోయేది.

ఒక ఉదయం దాణా వేస్తూ అక్క కేక పెట్టింది. ఒక కోడికి తోక దగ్గర ఈకలు లేవు. చర్మం చీలి రక్తం కారుతోంది. తోటి కోళ్లు ఆ ఎర్రదనం మీదే పొడుస్తున్నాయి. దాన్ని బయటికి తీసేలోగా పక్క బోనులోనూ అదే మొదలైంది. రాలిన ఈకలను గింజల్లా మింగుతున్నాయి. మధ్యాహ్నానికి కొన్ని కోళ్లు పేగులు బయటపడి చచ్చాయి.

"ఎండకి పిచ్చెక్కిందిరా వీటికి" అంది అక్క.

కప్పు మీద నీళ్లు చల్లాం. గోనెపట్టలు తడిపి చుట్టూ కట్టాం. పొడవడం ఆగలేదు.

మర్నాడు పశువుల డాక్టరుగారు వచ్చి, దాణాలో ఏమేం కలుపుతున్నారని అడిగారు. అక్క చెప్పింది.

"మరి ఉప్పు?"

"లేదు సార్. మా బోరు నీళ్లే ఉప్పగా ఉండె. రెట్ట నీళ్లలా పోతోందని ఉప్పు మానేసినాను."

"ఇప్పుడూ బోరు నీళ్లేనా?"

అక్క నా వైపు చూసింది. బోరు ఎండిపోయి చాలా రోజులైంది. అప్పటి నుంచి ట్యాంకరు మంచినీళ్లే పోస్తున్నాం. ఉప్పు సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"అదేనమ్మా. ఒంట్లో ఉప్పు తగ్గితే ఈకల్లో, రక్తంలో వెతుక్కుంటాయి. దానికి తోడు ఈ ఎండ. కొంచెం కొంచెంగా కలపండి. ఒక్కసారే ఎక్కువ వేస్తే అదీ ప్రమాదమే" అన్నారాయన.

అలాగే కలిపాం. మెల్లగా పొడవడం తగ్గింది. రక్తం రుచి మరిగిన కొన్ని మాత్రం మానలేదు, వాటిని వేరు చేశాం. గాయపడ్డవాటికి పసుపు రాసి నీడలో ఉంచాం. అయినా ఈగలు వదల్లేదు. ఆ కోళ్లు చాలావరకు చచ్చిపోయాయి.

షెడ్డు వెనక గుంతలో వాటిని వేసి, పైన సున్నం చల్లుతూ అక్క అంది, "తిండి పెట్టేది నేనే గదరా. నోరుంటే నన్నే అడిగుండేవి."

నేను పార తీసుకుని మట్టి లాగాను.

రోహిణి కార్తెలో, బోడి వీపులతో మిగిలిన కోళ్లలో ఇంకొన్ని ఎండకు రాలిపోయాయి. తొలకరికి ఉన్నవాటిని అమ్మేశాక అక్క మళ్లీ షెడ్డులోకి కొత్త కోళ్లను దించలేదు.