దేవుడి నిద్ర, అత్త బొటనవేలు

నా చిన్నప్పుడు, దేవుడు నిద్రపోతున్నాడని విని నేను ఒక తెప్పను సముద్రంలోకి పోనివ్వలేదు. ఇప్పుడు చెబితే మనవలు పడీపడీ నవ్వుతారు. ఆ రోజు మాత్రం మా వాడలో ఎవరూ నవ్వలేదు.

నౌపడలో రైలు దిగి ఉప్పుమళ్ల గట్ల మీదుగా నడిస్తే వచ్చే ఊరు మాది. మా నాన్న ఇంకో ముగ్గురితో కలిసి ఒకే తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. ఆ ఏడు తొలి ఏకాదశి సాయంత్రం రామమందిరంలో పురాణం చెప్పే పంతులుగారు, స్వామి ఈ రోజు పాలసముద్రంలో పాము పడక మీద నిద్రకు ఉపక్రమిస్తాడని, మళ్లీ కార్తీకంలోనే లేస్తాడని చెప్పారు. పెద్దవాళ్లంతా భక్తిగా దండం పెట్టుకున్నారు. నాకు మాత్రం తింటున్న పేలపిండి గొంతుకు అడ్డం పడింది.

ఎందుకంటే నాకు బాగా తెలిసిన నిద్ర మా నాన్నది. వేట నుంచి వచ్చి పడుకున్నాడంటే చెవి పక్కన డప్పు కొట్టినా లేచే మనిషి కాదు. ఒకసారి మా కోడిపెట్ట ఆయన గుండెల మీద కూర్చుని తీరిగ్గా ఈకలు సవరించుకున్నా తెలియలేదు. దేవుడు కూడా అలాగే నాలుగు నెలలు పడుకుంటే, అవేమో గాలివానల నెలలాయె, తెప్ప మీద ఉన్న నాన్నను చూసేదెవరు? ఉండబట్టలేక పంతులుగారినే అడిగాను. అది మామూలు నిద్ర కాదమ్మా, యోగనిద్ర అన్నారాయన. అంత పెద్ద పేరున్న నిద్ర ఇంకెంత మొద్దు నిద్రో అని నా భయం రెట్టింపయింది.

మా వైపు బావి నీళ్లు ఉప్పన. తాగే నీళ్లు ముందురోజే దూరం నుంచి మోసుకొచ్చి పెట్టుకోవాలి. మర్నాడు తెప్పలో నలుగురికీ నీళ్లు మా ఇంటి వంతు. పొద్దున్నే నాన్న వలలు సర్దుకుంటుండగా నేను ఆ నీళ్ల డబ్బాను ఈడ్చుకుపోయి పెరట్లో పాత వలల కుప్ప కింద దాచేశాను. నీళ్లు లేకుండా సముద్రం మీదికి ఎవరూ వెళ్లరు. వాడంతా వెతికారు. డబ్బా దొరికేసరికి ఎండెక్కిపోయింది, గాలి తిరిగిపోయింది. ఆ రోజు నాలుగిళ్లలో చేప వాసన లేదు.

దాచింది నేనేనని తెలిసి నాన్న కొట్టడానికి చెయ్యెత్తాడు. నేను ఏడుస్తూ అన్నాను, “దేముడు నిద్దరోతన్నాడట నాన్నా. నువ్వెలిపోతే నిన్నెవులు సూస్తారు?”

ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది. నాన్న వెళ్లి అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు.

అప్పుడు మా చిన్నత్త, అంటే నాన్న చెల్లెలు, పురుడు పోసుకుని మా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం పిల్లాణ్ణి చీర ఉయ్యాలలో వేసి, తాడు కొస తన కాలి బొటనవేలికి కట్టుకుని నన్ను పిలిచింది. “ఒసే గుంటా, నాను తొంగుంతన్నాను. ఆ పేలపిండి నాకు తెలీకుండా తినీసినావంటే అంతా నీదే.”

క్షణంలో గురక మొదలైంది. నేను తిన్నాను. తినే హడావుడిలో ఇత్తడి మూత గచ్చు మీద పడి గణగణమన్నా అత్త కదల్లేదు. గెలిచానన్న సంతోషం సగంలోనే ఆవిరైపోయింది. చూశావా, నిద్రపోయేవాళ్లకు ఏమీ తెలియదు అనుకుని మళ్లీ దిగులు పడ్డాను. అంతలో ఉయ్యాలలో పిల్లాడు ‘ఊ’ అన్నాడు. గట్టిగా కూడా కాదు, పక్కకు ఒత్తిగిలి చిన్నగా అన్నాడు. అత్త బొటనవేలు తాడు లాగింది. ఉయ్యాల ఊగింది. గురక మాత్రం ఆగలేదు. కాసేపటికి వాడు మళ్లీ కదిలాడు, వేలు మళ్లీ లాగింది. నేను పేలపిండి సంగతి మరిచిపోయి ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను.

అత్త లేచి ఖాళీ గిన్నె చూసి నిజంగానే తెల్లబోయింది. మూత చప్పుడు వినపడని మనిషికి పిల్లాడి చప్పుడెలా వినపడిందని అడిగాను.

“ఏమో, నాను నిద్దరోతాను గానీ నా కాలు నిద్దరోదే,” అని నవ్వింది. “దేముడెలగుంటాడో ఎవులు సూసినారు? మనకి తెలిసిన పోలికే ఆయనకీ ఏసి సెప్తారు. ఎయ్యడానికి మీ నాన్న నిద్దరే దొరికినాదేటి నీకు? నా నిద్దర ఎయ్యి.”

అరుగు మీద నుంచి నాన్న దగ్గు వినిపించింది. మర్నాడు పొద్దున్న నీళ్ల డబ్బాను ఒడ్డు దాకా నేనే ఈడ్చుకెళ్లాను.

అప్పటి నుంచీ పురాణంలో దేవుడి కన్ను, దేవుడి చెయ్యి అని వస్తే ఎవరిలాంటిది అని ముందు ఆలోచిస్తాను. దేవుడికి కోపం వచ్చిందంటే, వీధిలో తాగి అరిచేవాడి కోపం నాకు గుర్తుకు రాదు. కెరటాల్లోకి పోతున్న నన్ను జుట్టు పట్టి వెనక్కి లాగిన మా అమ్మ కోపం గుర్తుకొస్తుంది.

ఇప్పుడు మునిమనవడి ఉయ్యాల తాడు నా బొటనవేలికే ఉంటుంది. నేను గురక పెడుతూనే ఊపుతానట, ఇంట్లోవాళ్లు చెబుతారు. ఈ ఏడు తొలి ఏకాదశికి కూడా స్వామి నిద్రపోయాడని విన్నాను. ఆ మర్నాడే మా మనవడు మర పడవ మీద వేటకు బయలుదేరాడు. వాడి నీళ్ల డబ్బా నేనే నింపి ఇచ్చాను.